దారి మధ్యలో పవర్ స్టీరింగ్ పోతే: ఆఫ్‌రోడ్ బండి నడిపేవాళ్లకు

పోయిన వానాకాలం వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టు వెనక మట్టిదారిలో ఒక గట్టు ఎక్కుతూ ఎడమకి తిప్పబోయాను, స్టీరింగ్ తిరగలేదు. అసలు కదల్లేదని కాదు, రెండు చేతులతో భుజాలు నొప్పి పుట్టేంత బలం పెడితే పావు చుట్టు తిరిగింది. ఇంజిన్ మామూలుగానే నడుస్తోంది, మీటర్ల దగ్గర ఎర్ర లైటు ఒక్కటీ లేదు. అంతకుముందు ఓ పది నిమిషాలుగా తిప్పినప్పుడల్లా బానెట్ కింద నుంచి పశువు మూలిగినట్టు ఒక చప్పుడు వస్తోంది, వింటూనే ఉన్నాను, దిగాక చూద్దాంలే అనుకున్నాను. ఆ మూలుగు వినగానే ఆగి ఉంటే ఒక క్లిప్పు, అర లీటరు ఆయిల్‌తో పని అయిపోయేది. ఆగలేదు కాబట్టి పంపు మార్చాల్సి వచ్చింది. ఆదివారం రాగానే హైదరాబాద్ నుంచి అనంతగిరి వైపో, శామీర్‌పేట అవతలికో బండి తీసుకుని పోయేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకి ఆ పంపు ఖర్చు రాకూడదని, ఒకవేళ స్టీరింగ్ బిగుసుకున్నా టెన్షన్ పడకుండా పని జరగాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. పవర్ స్టీరింగ్ పోయిందంటే స్టీరింగ్ పోయినట్టు కాదు, దానికి దొరికే సాయం పోయినట్టు. మన చేతిలో ఉన్న చక్రానికీ ముందు టైర్లకీ మధ్య ఇనుప రాడ్లు, పళ్ల చక్రాలు ఉంటాయి, ఆ లింకు అలాగే ఉంటుంది. పంపు పంపించే ఆయిల్ మన తరఫున తోసేది, ఇప్పుడది తొయ్యట్లేదు, అంతే. పాత జీపులన్నీ పవర్ లేకుండానే నడిచాయి కదా అనొచ్చు, నిజమే, కానీ వాటికి చక్రం పెద్దది ఇచ్చేవాళ్లు, ఎక్కువ చుట్లు తిప్పితే తేలిగ్గా తిరిగేలా గేరు పెట్టేవాళ్లు. పవర్ ఉన్న బండికి తక్కువ చుట్లకే తిరిగేలా పెడతారు, పైగా సాయం పోయాక స్టీరింగ్ బాక్సులో (ఆ పళ్ల చక్రాలుండే పెట్టె) ఉన్న ఆయిల్‌ని కూడా మన చేతులే తొయ్యాలి. అందుకే పవర్ పోయిన బండి అసలు పవరే లేని పాత జీపుకన్నా బరువుగా ఉంటుంది, దానికి మనం వేసుకునే వెడల్పాటి మడ్ టైర్లు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మొదటి పది సెకన్లలో

కీ తిప్పి ఇంజిన్ ఆపకండి. కంగారులో చెయ్యి ముందు అక్కడికే పోతుంది, అదే ప్రమాదం. కదులుతున్న బండిలో కీ వెనక్కి తిప్పి బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది, అప్పటిదాకా బరువుగానైనా తిరిగిన చక్రం ఇక తిరగనే తిరగదు. ఇంజిన్ ఆగితే బ్రేకు తొక్కడానికి సాయం చేసే బూస్టర్‌కి వాక్యూమ్ కూడా ఆగిపోతుంది, ఒకటి రెండుసార్లు తొక్కేదాకా బ్రేకు మెత్తగా ఉంటుంది, తర్వాత అదీ రాయిలా అవుతుంది. ఇంజిన్ దానంతటదే ఆగిపోయిన సందర్భంలో అయితే బ్రేకుని మళ్లీ మళ్లీ తొక్కి వదలకండి, ఒకేసారి నిలకడగా తొక్కి పట్టుకోండి.

యాక్సిలరేటర్ మీద కాలు తీసి, హజార్డ్ లైట్లు వేసి, ఎక్కడ ఆపాలో అప్పుడే చూసుకోండి. 50, 60 వేగంలో పోతున్నప్పుడు తేడా అంతగా తెలియదు, వేగం తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది, నడక వేగానికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడుతుంది. అంటే రోడ్డు దిగి పక్కకి పోయే ఆ చివరి మలుపే అన్నిటికన్నా కష్టం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు మీద పోయినవాళ్లకి తెలుసు, చాలాచోట్ల తారు అయిపోయిన పక్కనే మర్రిచెట్ల మొదళ్లుంటాయి. అక్కడ కనబడ్డ చోటల్లా దిగలేం. పెట్రోల్ బంకో, దాబా ముందు ఖాళీ జాగానో కనిపించగానే, బండిలో ఇంకా ఊపు ఉండగానే, మెల్లగా పెద్ద వంపు తీసుకుని దిగాలి. పూర్తిగా ఆగిపోయాక అక్కడే చక్రం తిప్పాలని చూస్తే చేతులు పోతాయి తప్ప టైరు కదలదు, కాస్త కదులుతుండగా తిప్పితేనే తిరుగుతుంది.

ఎక్కుడులో ఉండగా పోతే మలుపు పూర్తి చేయాలని పట్టుదలకి పోకండి. అక్కడే బ్రేకు పట్టి, లో రేంజ్‌లో (వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే గేరు) రివర్స్ వేసి, తిన్నగా కిందికి దిగిపోండి. పక్కకి తిరిగి ఆగిన బండి వాలులో దొర్లే బండి అవుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం అలవాటు చేసుకోవాలి. బొటనవేళ్లు చక్రం లోపలికి చుట్టి పట్టుకోవద్దు, మిగతా వేళ్లతో పాటు అంచు మీదే ఉంచండి. పవర్ పని చేస్తున్నంతసేపు టైరుకి రాయి తగిలితే ఆ దెబ్బలో చాలా భాగం ఆయిల్ మింగేస్తుంది. అది లేనప్పుడు దెబ్బ నేరుగా చక్రానికొస్తుంది, చక్రం ఒక్క విసురున తిరిగితే స్పోకు వచ్చి బొటనవేలికి కొడుతుంది, వేలు విరిగేంత బలంగా.

బరువైందా, వదులైందా

ఆగాక చక్రాన్ని అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ, బయట ఒక మనిషిని నిలబెట్టి ముందు టైర్లు చూడమనండి. బరువుగా ఉన్నా టైర్లు చెప్పినట్టు వింటుంటే అది పవర్ సమస్యే. చక్రం తేలిగ్గా తిరుగుతూ టైర్లు కదలకపోయినా, ఒక టైరు ఒకవైపు ఇంకో టైరు ఇంకోవైపు చూస్తున్నా, చక్రానికి ఆట బాగా ఎక్కువైనా అది టైర్లని తిప్పే టై రాడ్డో, కీలులా పనిచేసే బాల్ జాయింటో, ఛాసిస్‌కి స్టీరింగ్ బాక్స్ పట్టి ఉంచే బోల్టులో అయి ఉంటుంది. రాళ్ల మీద తిరిగే బండ్లలో ఆ బోల్టులు వదులవడం, బాక్స్ కూర్చునే చోట ఛాసిస్ పగులివ్వడం నిజంగానే జరుగుతుంది. అలాంటప్పుడు ఒక్క అడుగు కూడా నడపకండి, ఎంత చీకటి పడినా సరే.

కొన్నిసార్లు పవర్ బాగానే ఉంటుంది, మనమే పోయిందనుకుంటాం. మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి, తిరిగి నింపకుండానే తారురోడ్డు ఎక్కితే స్టీరింగ్ బరువుగానే ఉంటుంది. ఫోర్ హైలోంచి (నాలుగు టైర్లకీ ఇంజిన్ బలం అందేది) టూ హైకి (రెండు టైర్లకే అందేది) మార్చడం మర్చిపోయినా అంతే. పార్ట్‌టైమ్ ఫోర్‌బైఫోర్‌లో ముందు, వెనక ఇరుసులకి మధ్య వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు టైర్లు ఎక్కువ దూరం తిరగాలి, మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద జారడానికి లేక మొత్తం బిగుసుకుంటుంది, బండిని వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది. టూ హైకి మార్చి, తిన్నగా నాలుగు గజాలు రివర్స్ పోతే ఆ బిగువు వదిలిపోతుంది. బానెట్ ఎత్తే ముందు ఈ రెండూ చూసుకోండి.

బానెట్ ఎత్తాక

ఇప్పుడు ఇంజిన్ ఆపండి, హ్యాండ్‌బ్రేకు వేసి టైర్లకి రాళ్లు అడ్డం పెట్టండి. మొదట బెల్టు చూడాలి. తెగిందా, జారి పక్కకి వచ్చిందా, పుల్లీ గాడిలో బురద నిండిపోయిందా. నీళ్లలోంచి దాటిన వెంటనే స్టీరింగ్ ఒకటి రెండు నిమిషాలు బరువై, కీచుమని చప్పుడు చేసి మళ్లీ మామూలైతే తడిసిన బెల్టు జారుతున్నట్టు లెక్క. అది పాతబడి నున్నగా మెరుస్తుంటే, లేదా పొడుగ్గా ఉన్న వైపు బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరుకన్నా బాగా లోపలికి పోతుంటే బెల్టు పని చూడాల్సిందే.

బెల్టు తెగితే మాత్రం అది ఒక్క స్టీరింగ్ సంగతి కాదు. చాలా బండ్లలో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌ని, వాటర్ పంపుని కూడా తిప్పుతుంది. స్టీరింగ్ బరువై, బ్యాటరీ లైటు కూడా వెలిగిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. అలా నడుపుకుంటూ పోతే కొద్ది కిలోమీటర్లకే ఇంజిన్ వేడెక్కి దాని పై భాగం, అంటే హెడ్, పోతుంది. పాత డీజిల్ బండ్లు చాలావాటిలో బ్రేకు వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, అంటే ఆ ఒక్క బెల్టు తెగితే స్టీరింగ్ సాయం, బ్రేకు సాయం రెండూ పోతాయి. అనంతగిరి ఘాట్ దిగుతూ అలా జరగడం ఊహించుకోండి. స్పేర్ బెల్టు బండిలో పడేసుకోమని నేను అందరి వెంటా పడేది ఇందుకే.

తర్వాత పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా. మూత విప్పి లెవెల్ చూడండి, చల్లగా ఉన్నప్పుడు ఒక గీత, వేడిగా ఉన్నప్పుడు ఇంకో గీత ఉంటుంది. నురగ ఉంటే గాలి దూరింది, మూలుగు వచ్చేది దానివల్లే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే గాలో, నీళ్లో కలిశాయి, లోతు నీళ్లు దాటిన తర్వాత ఇది తప్పకుండా చూడండి. నల్లబడి మాడు వాసన వస్తుంటే ఆయిల్ చాలాకాలంగా కాగి కాగి ఉంది. ఇది ఎక్కువగా మన తప్పే, రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే బిగించి పట్టుకుంటాం, పంపు మొత్తం ఒత్తిడితో తోస్తూనే ఉంటుంది, ఆయిల్‌కి పోయే దారి లేక సలసల కాగుతుంది. చివరిదాకా తిప్పినా ఐదు సెకన్లకు మించి పట్టుకోకండి, కొద్దిగా వెనక్కి వదలండి.

డబ్బా ఖాళీగా ఉంటే కారిపోయినట్టే, ఎక్కడో కనిపెట్టాలి. నేను కింద దూరి చూసేసరికి ఛాసిస్ రాడ్డంతా ఎర్ర ఆయిల్, దాని మీద మట్టి పేరుకుని కుంకుమ ముద్దలా ఉంది. ఎక్కడి నుంచి మొదలైందో అర్థం కాలేదు. బర్రెలు తోలుకుంటూ పోతున్న ఒక పెద్దాయన ఆగి, వంగి చూసి, "నెత్తురు కారినట్టు కారింది గద బిడ్డా, మొత్తం తుడువు, మల్ల యాడికెల్లి వస్తదో అప్పుడు సూడు" అన్నాడు. అంతకన్నా మంచి పద్ధతి లేదు. పాత గుడ్డతో పైపులు, జాయింట్లు, బాక్స్ కింది సీలు అన్నీ శుభ్రంగా తుడిచి, డబ్బాలో కొంచెం ఆయిల్ పోసి, తమ్ముణ్ణి పది సెకన్లు స్టార్ట్ చెయ్యమన్నాను. బాక్స్ నుంచి ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపు డబ్బాకి తగిలే చోట క్లిప్పు కింద నుంచి ఒక ఎర్ర చుక్క వచ్చింది, పెద్దదైంది, జారింది. క్లిప్పు స్క్రూ వేలితోనే తిరిగింది, అంత వదులుగా ఉంది.

ఇలా వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. పంపు నుంచి బాక్స్‌కి వెళ్లే పైపులో, చక్రం చివరిదాకా తిప్పినప్పుడు ఒత్తిడి 1000 పీఎస్ఐ దాటుతుంది, టైరులో ఉండేది 30 చిల్లర. ఆ పైపుకి సూది మొనంత రంధ్రం పడినా ఆయిల్ సన్నటి తీగలా చిమ్ముతుంది, కంటికి కనబడదు కూడా, చర్మంలోంచి లోపలికి పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా వేలుపెట్టి తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఒకవేళ చేతికి అలా తగిలితే గాయం చిన్న చుక్కలా కనిపించినా, నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది. రెండోది మంట. కారిన ఆయిల్ కాలే సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకోగలదు, తుడిచాకే స్టార్ట్ చేయండి, ఫైర్ సిలిండర్ చేతికందేలా ఉండాలి.

అక్కడికక్కడే చేయగలిగింది

కారేది రిటర్న్ పైపు అయితే అదృష్టం. అందులో ఒత్తిడి తక్కువ, మెత్తటి రబ్బరు పైపు, క్లిప్పులతో ఉంటుంది. చివర చీలితే ఆ అంగుళం కత్తితో కోసేసి, మళ్లీ లోపలిదాకా తొడిగి కొత్త క్లిప్పు బిగించండి. ఆయిల్ ఏది పోయాలన్నది డబ్బా మూత మీదో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. చాలా హైడ్రాలిక్ బండ్లకి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిల్), అదే ఎర్ర ఆయిల్. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి, పంపుతో పాటు బాక్స్ కూడా విప్పాల్సి వస్తుంది.

చివర్లలో ఇనుప కప్పు నొక్కి బిగించి ఉండే ఒత్తిడి పైపు పగిలితే టేపు, ఎం‌సీల్, సైకిల్ ట్యూబు ఏదీ ఆగదు, ప్రయత్నించి టైమ్ పోగొట్టుకోవద్దు. స్టీరింగ్ పంపుకి విడిగా బెల్టు ఉన్న బండి అయితే ఆ బెల్టు తీసేసి, పంపు తిరగకుండా చేసి, బరువు స్టీరింగ్‌తోనే మెల్లగా దగ్గరి ఊరు చేరండి. ఒకే బెల్టు అన్నిటినీ తిప్పే బండి అయితే పంపు ఆయిల్ లేకుండా తిరుగుతుంది, దానికి ఆ ఆయిలే ప్రాణం. నాకైతే కోట్‌పల్లిలో పంపు ఎంతసేపు ఎండిపోయి తిరిగిందో తెలియదు, క్లిప్పు బిగించి ఆయిల్ నింపినా మూలుగు ఆగలేదు. ఇలాంటప్పుడు టో చేయించడమే చవక.

టో అంటే తాడు కట్టి లాగడం కాదు. ఇంజిన్ లేని బండిలో స్టీరింగూ బరువే, బ్రేకూ బరువే, తాడు మీద సిటీ ట్రాఫిక్‌లోకి రావడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మట్టిలోంచి రోడ్డు దాకా తాడుతో లాగక తప్పకపోతే కీ ఆన్‌లో పెట్టి ఉంచండి, స్టీరింగ్ లాక్ పడకుండా. అక్కడి నుంచి నాలుగు టైర్లూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి, ఫోర్‌బైఫోర్‌ని రెండు టైర్లు లేపి లాగనివ్వద్దు. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033, ప్రాణాపాయం అనిపిస్తే 112.

జిమ్నీ, థార్ రాక్స్ లాంటి ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్నవాటిలో ఆయిలూ పంపూ ఉండవు, వెతుకులాట వేరు. స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగితే భద్రమైన చోట ఆపి, ఇంజిన్ ఆపి, కాసేపు వదిలేయండి. రాళ్లలో చాలాసేపు అటూ ఇటూ తిప్పితే మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించేస్తుంది, చల్లబడితే తిరిగొస్తుంది. రాకపోతే బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి, గతుకులకి వదులవుతుంటాయి, ఓల్టేజీ పడిపోతే ముందు తగ్గేది ఇలాంటి సాయాలే. తర్వాత ఫ్యూజు, నీళ్లలో దిగి ఉంటే కనెక్టర్లలో తడి. అంతకు మించి బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ లేకుండా మనం చేసేది ఏమీ లేదు.

ఊళ్లోకి వచ్చాక

ఒత్తిడి పైపు కొత్తది దొరకకపోతే పాతదాన్ని పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి, హైడ్రాలిక్ హోస్‌లు కొలత ప్రకారం కోసి చివరలు ప్రెస్ చేసి ఇచ్చే షాపులున్నాయి. స్టీరింగ్ పైపుకని, ఆయిల్ రకం ఏదని చెప్పి చేయించండి, మామూలు నీళ్ల పైపు లాంటిది పెట్టించుకోవద్దు.

నా పంపు ఆటోనగర్‌లో విప్పించాను. మెకానిక్ లోపలి రింగు తీసి నా చేతిలో పెట్టి, "గోరు పెట్టి చూడు అన్నా" అన్నాడు. అద్దంలా ఉండాల్సిన చోట గోరుకి తగిలేంత గీతలు. "నూనె లేకుండ తిప్పినవ్, ఈ పొడి అంత యాడికి పోయింది అనుకుంటున్నవ్? బాక్సులకే." అందుకని పంపు మారిస్తే సరిపోదు, రిటర్న్ పైపు విప్పి పాత ఆయిల్ అంతా బయటికి పోయేదాకా కొత్త ఆయిల్‌తో కడిగించండి, డబ్బాలో జాలీ ఉంటే అదీ శుభ్రం చేయించండి. ఇది అడక్కపోతే ఎక్కువచోట్ల చెయ్యరు, అప్పుడు కొత్త పంపుకీ అదే గతి పడుతుంది.

గాలి తీయడం మనమే చేసుకోవచ్చు, ఓపిక కావాలంతే. ముందు టైర్లు రెండూ నేల వదిలేలా జాకీ ఎత్తి స్టాండ్లు పెట్టండి. డబ్బా నింపి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, కీ మాత్రం ఆన్ చేసి, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా పదిహేను ఇరవై సార్లు తిప్పండి, మధ్యమధ్యలో ఆయిల్ తగ్గితే పోస్తూ ఉండండి, డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికే. బుడగలు రావడం ఆగాక స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే ఇంకో నాలుగైదుసార్లు తిప్పండి, చివర్లలో బిగపట్టకుండా. నురగ కనబడితే ఆపేసి అరగంట వదిలేయండి, తొందరపడి రేస్ చేస్తే ఆ నురగ ఇంకా చిలికినట్టవుతుంది.

బండిలో ఇప్పుడు నేను పెట్టుకునేవి: ఒక లీటరు ఏటీఎఫ్, స్పేర్ బెల్టు, దాని టెన్షనర్‌కి పట్టే పానా, రెండు మూడు సైజుల హోస్ క్లిప్పులు, అరగజం ఆయిల్ పైపు, మంచి కత్తి, తలకి పెట్టుకునే టార్చి, గ్లవ్స్, అట్టముక్క, పాత లుంగీ గుడ్డలు. బయల్దేరే ముందురోజు రాత్రి క్లిప్పులన్నీ స్క్రూడ్రైవర్‌తో ఒకసారి తడిమి చూస్తాను, వేడెక్కి చల్లబడే రబ్బరు మీద క్లిప్పు కొద్దికొద్దిగా వదులవుతూనే ఉంటుంది. ఇంజిన్ కింద ఒక న్యూస్‌పేపరు పరిచి, ఇంట్లోకి పోయి పడుకుంటాను. పొద్దున దాని మీద ఎర్ర చుక్క కనబడితే ఆ రోజు ప్రయాణం మానేసి పానా తీస్తాను.